ఉత్తర్వులో లేని పేర్లు

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో, 75 సంవత్సరాలు నిండిన సభ్యుల సన్మానం సందర్భంగా ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా కార్యదర్శిగారికి ఒక మనవి. నాకు పది నిమిషాలు ఇచ్చారు. నేను ముప్ఫయ్యైదేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. పై అధికారులు చెప్పింది నేను రాసుకోవడమే గాని, నేను చెబితే ఎవరూ రాసుకోలేదు. కాబట్టి ఈ ఒక్కరోజు ఇంకో పది నిమిషాలు ఎక్కువైతే పెద్దమనసుతో మన్నించాలి.

ఈ రోజు ఎందుకు జరుపుకుంటున్నామో మీకందరికీ తెలుసు. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు ఇచ్చింది. పెన్షను ప్రభుత్వం దయతలచి వేసే భిక్షం కాదు, చేసిన సేవకు మనకు రావలసిన హక్కు అని చెప్పింది. ఆ హక్కు మీదనే మనం ఇవాళ ఇంత ధీమాగా కూర్చున్నాం. ఈ మాట గుర్తు పెట్టుకోండి, చివర్లో మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

అమెరికా విశేషాలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. నయాగరా జలపాతం, న్యూయార్కు బొమ్మ గురించి ఇదే వేదిక మీద మనవాళ్ళు ఇదివరకే బాగా చెప్పారు. నేను మీరు పేరు కూడా విని ఉండని ఊరు గురించి చెబుతాను. దాని పేరు సెయింట్ జార్జి. ఉటా అనే రాష్ట్రానికి నైరుతి మూలన, ఎడారిలో ఉంది.

మా అబ్బాయి లాస్ వేగాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. 2024 అక్టోబరులో నేనూ మా ఆవిడా అక్కడికి వెళ్ళాం. లాస్ వేగాస్ జూదానికి ప్రసిద్ధి అని మీకు తెలుసు. ఆ దీపాలు రెండు రాత్రులు చూసేసరికి మాకు చాలనిపించింది. "నాన్నా, జయాన్ నేషనల్ పార్కు చూపిస్తాను, కొండలు బాగుంటాయి, దారిలో సెయింట్ జార్జిలో రెండు రాత్రులు ఉందాం" అన్నాడు అబ్బాయి. మా ఆవిడ పులిహోర, చపాతీలు కట్టింది. కారులో సుమారు 120 మైళ్ళు, రెండు గంటల ప్రయాణం.

ఆ దారి చివర్లో వర్జిన్ అనే నది కోసిన లోయ వస్తుంది. రెండు పక్కలా నిలువుగా బండలు, మధ్యలో రోడ్డు. ఆ రోడ్డు 1973లో తెరిచారట. లోయ దాటగానే ఎర్రటి కొండలు, వాటి మధ్య నల్లటి రాతి గుట్టలు, కింద ఊరు. చేతి గడియారం ఒక గంట ముందుకు తిప్పుకోమన్నాడు అబ్బాయి, ఉటాలో టైము వేరట. ఆ మట్టి రంగు, ఆ బండలు, ఆ ఎండ చూసి మా ఆవిడ, "ఇంత ఖర్చు పెట్టుకుని ఇంత దూరం వచ్చి మళ్ళీ మన పెనుకొండే చూస్తున్నామే" అంది.

పోలిక నిజమే గాని అనంతపురం వాళ్ళం మనమే నయం. మనకు ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. దేశంలో జైసల్మేరు తర్వాత మనమే అని అనుకుంటూ ఉంటాం. సెయింట్ జార్జిలో 200 మిల్లీమీటర్లు పడితే గొప్ప. ఇక ఎండ అంటారా, 1985 జూలైలో అక్కడ 117 డిగ్రీల ఫారెన్‌హీటు నమోదయింది. మన లెక్కలో 47 డిగ్రీల పైమాట.

అటువంటి చోట ఊరు ఎలా వెలిసింది? ఇరిగేషన్ డిపార్టుమెంటులో పనిచేసినవాణ్ణి కనుక నాకు మొదట వచ్చిన సందేహం అదే. జవాబు వింటే మీకు నవ్వొస్తుంది. ట్రాన్స్‌ఫర్ ఆర్డరు మీద వెలిసింది.

మార్మన్లు అని అమెరికాలో ఒక క్రైస్తవ శాఖ వారున్నారు. తూర్పున వారిని నిలవనీయకపోతే 1847లో బ్రిగమ్ యంగ్ అనే నాయకుడి వెంట ఉటాకు వచ్చి సాల్ట్ లేక్ సిటీ కట్టుకున్నారు. 1861లో అమెరికాలో ఉత్తరాదికీ దక్షిణాదికీ అంతర్యుద్ధం మొదలైంది. పత్తి దక్షిణాది నుంచి రావాలి, ఆగిపోయింది. మన బట్టకు మనమే పత్తి పండించుకోవాలి అనుకున్నాడు బ్రిగమ్ యంగ్. దక్షిణాన 300 మైళ్ళ దూరంలో ఈ వేడి నేల ఉంది. 1861 అక్టోబరు మహాసభలో 309 కుటుంబాల జాబితా చదివారు. పేరు వచ్చినవారు ఇల్లూ పొలమూ వదిలి సామాను బండికెత్తుకుని వెళ్ళాలి. జాబితాలో రైతులతోపాటు కమ్మరి, వడ్రంగి, తాపీపనివాడు, పీపాలు చేసేవాడు, ఇలా ఊరికి కావలసిన పనివాళ్ళందరూ ఉండేటట్టు చూసుకున్నారు. చాలామందికి తమ పేరు అందులో ఉన్నట్టు అప్పటిదాకా తెలియదు.

రాబర్ట్ గార్డ్‌నర్ అని ఒకాయన. రంపపు మిల్లు నడుపుకుంటూ స్థిరపడినవాడు. జాబితాలో తన పేరుందని తెలిశాక తాను ఏం చేశాడో ఆయనే రాసిపెట్టాడు. అటూ ఇటూ చూసి, నేల మీద ఉమ్మి, టోపీ తీసి తల గోక్కుని, కాసేపు ఆలోచించి, సరేనన్నాడట. మిత్రులారా, నోటీసు బోర్డు ముందు మనమంతా ఎన్నిసార్లు అట్లా తల గోక్కోలేదు!

ఇంకో విశేషం. అక్కడ ఒక్క ఇల్లయినా లేవకముందే 1862 జనవరిలో దానిని పట్టణంగా గుర్తిస్తూ చట్టసభ ఆమోదించింది. భవనం లేని ఊళ్ళో ఆఫీసు శాంక్షను కావడం మన ఒక్కరి దగ్గరే ఉందనుకున్నాను. వాళ్ళు మనకంటే ముందున్నారు.

జనం చేరగానే వానలు పట్టుకున్నాయి. ఎడారిలో వారాల తరబడి వాన! బండ్లలో, గుడారాల్లో తడుస్తూ గడిపారు. పక్కనే శాంటా క్లారా అనే చోట అంతకుముందు కట్టుకున్న రాతికోట వరదకు కొట్టుకుపోయింది. వాన తగ్గాక అసలు కష్టం మొదలైంది. నేల చౌడు. వర్జిన్ నది మీద ఆనకట్ట కడితే వరదకు పోవడం, మళ్ళీ కట్టడం, మళ్ళీ పోవడం. సిమెంటు లేదు, కట్టెలూ రాళ్ళూ మట్టీ. ఆ దగ్గర్లోనే హరికేన్ అనే ఊరికి నీళ్ళు తేవడానికి కొండ అంచున ఏడు మైళ్ళ పైచిలుకు కాలువ తవ్వారు. 1893లో మొదలుపెడితే 1904కు నీళ్ళు పారాయి. ఎక్కువ భాగం గడ్డపారలతో, పారలతో, చలికాలాల్లో చేసిన పని. మెజర్‌మెంటు బుక్కులు చూసిన కళ్ళతో నేను కొండ మీది ఆ గీత చూసి చాలాసేపు నిలబడిపోయాను.

ఇంతా చేసి పత్తి నిలబడిందా అంటే, లేదు. పండింది, పక్కన వాషింగ్టన్ అనే ఊళ్ళో మిల్లు కూడా కట్టారు. 1869లో ఖండం ఈ కొస నుంచి ఆ కొసకు రైలు వచ్చేసింది. బయటి బట్ట చవకగా దిగింది. ఏ పని మీద పంపించారో ఆ పని పోయింది. కొందరు వెనక్కి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు ఊరు వదల్లేదు.

వాళ్ళు ఏం కట్టారో చూశాం. ఎర్రరాతితో ప్రార్థనామందిరం కట్టారు, 1863లో మొదలై 1876లో పూర్తయింది. 1871లో దేవాలయం మొదలుపెట్టారు. పునాది తవ్వితే బురదనేల. నల్లటి అగ్నిపర్వతపు రాయి తెచ్చి పోసి, పాత ఫిరంగి గొట్టానికి బరువు నింపి దానితో ఆ రాయిని నేలలోకి దంచారట. 1877 ఏప్రిల్‌లో ప్రతిష్ఠ జరిగింది. ఉటాలో వారు పూర్తిచేసిన మొదటి దేవాలయం అదే. అంతా తెల్లగా ఉంటుంది. వారి మతస్థులకే లోపలికి ప్రవేశం. మేము చుట్టూ తోటలో తిరిగి, పక్కన సందర్శకుల గదిలో కూర్చుని వచ్చాం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. బ్రిగమ్ యంగ్ ముసలితనంలో కీళ్ళనొప్పులకు వేడి మంచిదని చలికాలాల్లో ఈ ఊళ్ళో ఉండేవాడు. ఆ ఇల్లు ఇప్పుడు చూడవచ్చు, టిక్కెట్టు లేదు. చూపించేవాళ్ళు జీతగాళ్ళు కారు. రిటైరైన దంపతులు తమ ఖర్చుతో వచ్చి, కొన్ని నెలలు అక్కడే ఉండి సేవ చేస్తారు. మాకు చూపించినవారు కూడా భార్యాభర్తలే, డెబ్బై దాటినవారు. ఇద్దరి ఛాతీ మీదా చెరొక నేమ్‌ప్లేటు ఉంది. ఆయన సగం చెబితే ఆమె సగం చెప్పింది.

ఆ పెరట్లో మల్బరీ చెట్లు కనబడ్డాయి. మా ఆవిడ పుట్టిల్లు హిందూపురం వైపు. ఆకు చూడగానే పట్టేసింది. పట్టుపురుగులకేనా అని అబ్బాయి చేత అడిగించింది. అవునన్నారు. పత్తి పోయాక పట్టు మీద ఆశ పెట్టుకున్నారట. ఆ పని ఆడవాళ్ళది. ఉటా అంతటికీ పట్టు సంఘం పెడితే దానికి అధ్యక్షురాలు జైనా యంగ్ అనే ఆవిడ, బ్రిగమ్ యంగ్ భార్యల్లో ఒకరు. ఆ రోజుల్లో వారిలో బహుభార్యత్వం ఉండేది, 1890లో వారి సంస్థ దాన్ని మానుకుంటున్నట్టు ప్రకటించింది. ఇంట్లోనే తట్టల్లో పురుగులు పెంచడం, రాత్రింబగళ్ళు ఆకు వేయడం. మన హిందూపురం చుట్టుపక్కల ఆడవాళ్ళకు ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు.

నీళ్ళ సంగతి ఆ గైడమ్మగారే చెప్పింది. తెల్లవారకముందే, పశువులు కాలువలో దిగకముందే నీళ్ళు పీపాల్లో పట్టుకుని, బురద అడుక్కి దిగాక వాడుకునేవారట. మా ఆవిడ శ్రద్ధగా విని, "ఆ పేర్లు చదివినప్పుడు ఆడవాళ్ళు ఏమన్నారో అడుగు" అంది అబ్బాయితో.

గైడమ్మగారు కాస్త ఆగింది. "పిలుపు వచ్చింది చాలావరకు ఇంటి యజమాని పేరు మీద. చాలామంది ఆడవాళ్ళకు భర్త ఇంటికొచ్చి చెబితేనే తెలిసింది. కొందరు ఏడ్చారు. ఏడ్చి, సామాను సర్దుకున్నారు" అని చెప్పింది.

మా ఆవిడ ఏమీ అనలేదు. కారెక్కాక, కిటికీలోంచి చూస్తూ, "మనదీ అంతే కదా" అంది. అంతే. నాలుగే మాటలు కూడా కాదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఎందుకు పట్టలేదో చెబుతాను. ఇది నేను ఎక్కడా చెప్పని సంగతి.

1981లో నేను ధర్మవరంలో ఉన్నాను. మా ఆవిడ టీచర్ ట్రైనింగు పూర్తి చేసి అక్కడే ఒక ఎయిడెడ్ స్కూల్లో పోస్టు సంపాదించుకుంది. నా సిఫార్సు లేదు, తన కష్టం మీద. రెండేళ్ళు చేసింది. పిల్లలు సాయంత్రం ఇంటిదాకా వచ్చి దిగబెట్టేవాళ్ళు. అప్పుడు నాకు మడకశిరకు ట్రాన్స్‌ఫరు అయింది. మా సూపరింటెండెంటుగారు మంచివారు. "భార్య ఉద్యోగం ఉంది కదయ్యా, రిటెన్షన్‌కు ఒక అర్జీ పెట్టుకో, నేను సిఫార్సు చేసి పంపుతాను" అన్నారు. నేను పెట్టుకోలేదు. ఆర్డరు అంటే ఆర్డరే అన్న పట్టుదల ఒకటి. ప్రమోషను దగ్గర్లో ఉంది, రిమార్కు పడుతుందేమో అన్న భయం ఇంకొకటి. భార్య జీతం కోసం ఆగిపోయాడంటారని లోపల మూడోది కూడా ఉంది. ఇప్పుడు దాచడం ఎందుకు.

ఆమె రాజీనామా ఉత్తరం డ్రాఫ్టు చేసింది నేనే. 'వ్యక్తిగత కారణముల వలన' అని రాశాను. ఫెయిర్ కాపీ ఆమె చేత రాయించి సంతకం పెట్టించాను. నా సర్వీసులో వేల డ్రాఫ్టులు రాశాను. అందులో ఒక్క తప్పుడు కాగితం ఏదైనా ఉందంటే అది ఇదే. ఆ కారణం ఆమెది కాదు, నాది.

మడకశిరలో మేమున్న వీధికి కుళాయి లేదు. తెల్లవారుజామున బావి దగ్గర వంతు కోసం చంకలో పిల్లవాడితో, చేతిలో బిందెతో ఆమె నిలబడేది. నేను ఆఫీసులో చెరువుల ఆయకట్టు రిజిస్టర్లు రాసేవాణ్ణి. జిల్లా నీళ్ళ లెక్కలన్నీ నా బల్ల మీద ఉండేవి, మా ఇంటి నీళ్ళు ఆమె నెత్తిన ఉండేవి. ఆ తర్వాత ఇంకా ఆరు ట్రాన్స్‌ఫర్లు. ప్రతిసారీ నాకు టీఏ బిల్లు వచ్చింది, జాయినింగ్ టైము వచ్చింది. ఆమెకు కొత్త ఊళ్ళో పాలు పోసేవాణ్ణి, పిల్లలకు స్కూలునూ వెతుక్కునే పని వచ్చింది. నా సర్వీసు రిజిస్టరు తీస్తే అన్ని ఊళ్ళూ ఉంటాయి, తేదీలతో సహా. ఆమె పేరు నామినేషన్ ఫారంలో ఒక్కచోట.

ఆ స్కూల్లో కొనసాగి ఉంటే ఈ రోజు ఆమె కూడా సర్వీసు పెన్షనరే. నాతో సమానంగా ఈ సభలో సభ్యురాలే.

మరునాడు ఆ ఊరు నాకు వేరుగా కనిపించింది. ఎక్కడ చూసినా ఉత్తర్వులో పేరు లేనివాళ్ళే కనబడ్డారు.

మొదటివాళ్ళు పయూట్ జాతివారు. మార్మన్లు రాకముందే ఆ ఏళ్ళ ఒడ్డున మొక్కజొన్న వేసి, కాలువ తీసి నీళ్ళు పెట్టుకున్నవారు. 1776లో అటు వచ్చిన స్పెయిన్ పాదిరీలు ఆ పైరు చూసి రాసుకున్నారు. కొత్తవాళ్ళు కాలువలు తిప్పుకున్నాక పాతవాళ్ళ పొలాలు ఎండాయి. 1954లో ఉటా పయూట్లకు జాతిగా ఉన్న గుర్తింపునే కేంద్ర ప్రభుత్వం రద్దు చేసింది, 1980లో తిరిగి ఇచ్చింది. ఊరి పక్కన షివ్విట్స్ అనే వారి శాఖ ఉంది. వారికి ఏడాదికి 4,000 ఎకరా అడుగుల నీటి హక్కు అని చట్టంలో రాసింది 2000 సంవత్సరంలో. తొలి జాబితా చదివాక 139 ఏళ్ళకు! పెండింగు ఫైలు అంటే అదీ.

రెండోవాళ్ళ కథ ఇంకా కష్టం. పక్క రాష్ట్రమైన నెవాడాలో 1951 నుంచి అణుబాంబులు పేల్చి చూశారు. గాలి ఇటు వీచేది. 1953 మే 19న పేల్చిన బాంబు బూడిద సెయింట్ జార్జి మీద పడింది. జనాన్ని కొంతసేపు ఇళ్ళల్లో ఉండమన్నారు, భయం లేదన్నారు. తర్వాతి ఏళ్ళలో ఆ ప్రాంతంలో క్యాన్సర్లు వచ్చాయి. ప్రభుత్వం క్షమాపణ చెబుతూ నష్టపరిహారం చట్టం చేసింది 1990లో. గాలివాటున ఉన్నవారికి తలా 50 వేల డాలర్లు. 2024 జూన్‌లో ఆ చట్టం గడువు ముగిసింది. మేము వెళ్ళినప్పుడు అది అట్లాగే ఆగి ఉంది. 2025 జూలైలో తిరిగి తెచ్చి, లక్ష డాలర్లు చేశారు. ఆ కాలంలో అక్కడ కాపురమున్నట్టు, ఫలానా జబ్బు వచ్చినట్టు కాగితాలు చూపాలి. మనిషి పోయి ఉంటే భార్యో భర్తో పిల్లలో అర్జీ పెట్టుకోవచ్చు. ఫ్యామిలీ పెన్షను కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన అమ్మలు ఈ సభలో ఉన్నారు, వారికి ఆ క్యూ ఎలా ఉంటుందో తెలుసు.

మూడోవాళ్ళు ఇంకా పుట్టలేదు. 1960లో ఆ ఊరి జనాభా ఐదువేల చిల్లర. 2020 జనాభా లెక్కల్లో 95,342. 2020 జూలై నుంచి 2021 జూలై వరకు లెక్క చూస్తే, అమెరికా మొత్తంలో అన్నిటికంటే వేగంగా పెరిగిన నగర ప్రాంతం అదే. వస్తున్నవాళ్ళలో మనలాంటివాళ్ళు చాలామంది. చలిప్రాంతాల్లో ఉద్యోగం ముగించుకుని, వెచ్చగా ఉంటుందని ఇక్కడ ఇల్లు కొనుక్కుంటారు. యాభై దాటినవాళ్ళకు 1987 నుంచి ప్రతి అక్టోబరులో అక్కడ ఆటల పోటీలు జరుగుతాయి. మేము వెళ్ళింది ఆ సమయానికే. డెబ్బై దాటిన అవ్వలు బూట్లు వేసుకుని పరుగెత్తుతుంటే నడుము పట్టీతో కూర్చున్న నాకు సిగ్గనిపించింది.

చూడడానికి బాగానే ఉంది. కాని నది అదే, వాన అంతే. పచ్చగడ్డి లాను తీసేసుకుంటే నీటి సంస్థవారు డబ్బు ఎదురిస్తున్నారు. కొత్త ఇళ్ళకు గడ్డి మీద ఆంక్షలు పెట్టారు. లేక్ పావెల్ అనే జలాశయం నుంచి 140 మైళ్ళ పైపులైను వేయాలని ఏళ్ళ తరబడి చూస్తున్నారు, అది కాగితం దాటలేదు. ఈ రోజు ఇళ్ళకు ఇస్తున్న అనుమతులన్నీ రేపటివాళ్ళ నీళ్ళు. ఆ రేపటివాళ్ళ సంతకం ఏ ఫైల్లోనూ ఉండదు. ఇరిగేషన్ గుమాస్తాగా ఇది నాకు కొత్త కాదు. మన చెరువుల ఆయకట్టు ప్లాట్లు అవుతుంటే ఫైళ్ళు మన చేతుల మీదుగానే కదిలాయి.

ఆ ఊరివాళ్ళను తప్పుపట్టడానికి ఇదంతా చెప్పలేదు. ఉత్తర్వు వస్తే వెళ్ళారు, కష్టపడ్డారు, వారి కాలువల మీదనే ఇవాళ లక్షమంది దాకా బతుకుతున్నారు. వారి ఓర్పుకు చేతులెత్తి నమస్కరించి వచ్చాను. నేను నేర్చుకున్నది ఒకటే. ఉత్తర్వు ఒకరి పేర వస్తుంది, బరువు ఇంకొకరి మీద పడుతుంది. రెండోవారి పేరు కూడా ఎక్కడో ఒకచోట రాసి ఉంచాలి. రాయడం మన వృత్తి. మనం కాకపోతే ఎవరు రాస్తారు?

అందుకని సంఘానికి మూడు మనవులు.

ఒకటి. ఇంటికి వెళ్ళి ఈ రాత్రే మీ పెన్షన్ పేమెంట్ ఆర్డరు తీయండి. భార్య లేక భర్త పేరు, పుట్టినతేదీ సరిగా ఉన్నాయా చూడండి. ఆధార్‌లో ఒక అక్షరం, అందులో ఒక అక్షరం ఉంటే మనం ఉండగానే దిద్దించుకోవాలి. ఇంట్లో పిలిచే పేరు రాసినవాళ్ళు, ఇంటిపేరు వదిలేసినవాళ్ళు, ఫోటో అతికించనివాళ్ళు మనలో ఉన్నారని నాకు తెలుసు. మనం పోయాక ఆ ఒక్క అక్షరం కోసం వాళ్ళు నెలల తరబడి తిరగాలి. చేతకానివారుంటే ఆదివారం ఉదయం సంఘం ఆఫీసుకు రండి. నేను కూర్చుని అర్జీ రాసిపెడతాను. ఈ చెయ్యి ఇంకా వణకడం లేదు.

రెండు. మన సభ్యుల రిజిస్టరులో ఒక్కొక్కరికి ఒక్క పేరే ఉంది. పక్కన ఇంకొక గడి గీద్దాం. భార్య లేక భర్త పేరు, వారు ఏం చదివారు, మన ఉద్యోగం కోసం వారు ఏం వదులుకున్నారు, ఒక్క వాక్యం. డబ్బు ఖర్చు లేని పని.

మూడు. ఈ శాలువా సంగతి. 75 ఏళ్ళు నిండినందుకు నాకు కప్పారు, సంతోషం. ఇకమీదట దంపతులిద్దరినీ వేదిక మీదికి పిలవండి. ఒకరే మిగిలి ఉంటే, లేనివారి పేరు మైకులో చదవండి.

మా ఆవిడ మూడో వరుసలో, కిటికీ పక్కన కూర్చుని ఉంది. నేనేం మాట్లాడతానో ఆమెకు ముందుగా చెప్పలేదు. చెబితే రానని కూర్చునేది. నలభై నాలుగేళ్ళ కిందట రాయవలసిన వాక్యం ఒకటుంది. అది ఈ సభ మినిట్సులో చేర్చమని కార్యదర్శిగారిని కోరుతున్నాను: 1981లో ఆమె ఉద్యోగానికి రాజీనామా చేసింది తన వ్యక్తిగత కారణముల వలన కాదు, భర్త ట్రాన్స్‌ఫరు వలన, రిటెన్షన్‌కు అర్జీ పెట్టుకోగలిగి కూడా ఆ భర్త పెట్టుకోలేదు.

నకారా తీర్పు మనకు చెప్పింది, చేసిన సేవకు రావలసినది దయ కాదు, హక్కు అని. ఆ మాట మన ఇళ్ళల్లో కూడా చెల్లుతుందని నా అభిప్రాయం.

ఇచ్చిన టైము దాటిపోయింది. ఈ శాలువా ఆమెకు ఇచ్చి నా సీట్లో కూర్చుంటాను.